చెరువుల చెంత ముసిరే కుట్టని దోమలు – హాని కన్నా మేలే అధికం

చెరువులు, కుంటలు, జలాశయాల సమీపంలో సంధ్యవేళ దీపాల చుట్టూ గుంపులుగా ముసిరే సన్నని కీటకాలను చూసి, వ్యాధికారక దోమలని ప్రజలు ఆందోళన చెందటం పరిపాటి. వీటిలో అనేకం కైరోనమిడే కుటుంబానికి చెందిన కుట్టని దోమలు. ప్రపంచవ్యాప్తంగా ఈ కుటుంబంలో 7,000కు పైగా జాతులు గుర్తించబడినవి. దోమకుండే పొడవైన తొండం గాని, రెక్కలపై పొలుసులు గాని వీటికి లేవు. ఇవి రక్తం పీల్చవు. మలేరియా, డెంగీ, బోదకాలు వ్యాధులను వ్యాపింపజేయవు.

జీవిత చక్రం

గుడ్డు, లార్వా, ప్యూపా, ప్రౌఢ కీటకం అనే నాలుగు దశలలో వీటి జీవనం సాగుతుంది. ఆడ కీటకం జిగురు ముద్దగా నీటిలో గుడ్లు పెడుతుంది. లార్వాలలో అనేకం అడుగు బురదలో గొట్టాల వంటి గూళ్లు కట్టుకొని, నాచును, కుళ్లిన సేంద్రియ పదార్థాన్ని తిని పెరుగుతాయి. కైరోనమస్ వంటి ప్రజాతుల లార్వాల రక్తంలో హిమోగ్లోబిన్ ఉన్నందున అవి ఎర్రగా కనిపిస్తాయి. ప్రాణవాయువు తక్కువగా ఉన్న బురదలోనూ జీవించగలుగుతాయి. ప్యూపా నీటి ఉపరితలానికి చేరిన పిమ్మట రెక్కల కీటకం వెలువడుతుంది. దాని ఆయుష్షు సాధారణంగా కొద్ది రోజులే.

పర్యావరణంలో పాత్ర

ఈ లార్వాలు బంగారుతీగ వంటి అడుగున మేసే చేపలకు, తూనీగ పిల్లలకు, నీటి పక్షులకు పౌష్టికాహారం. నీటి నాణ్యతకు ఇవి సూచికలు కూడా. కొన్ని జాతులు స్వచ్ఛమైన నీటిలోనే జీవించగా, మరికొన్ని మురుగును తట్టుకొంటాయి. ఇతర జలకీటకాలు కనుమరుగై ఎర్ర లార్వాలు మాత్రమే విస్తారంగా ఉన్నచోట సేంద్రియ కాలుష్యం అధికమైనదని గ్రహించవచ్చును.

నివారణ

గుంపులు అధికమైనచోట చనిపోయిన కీటకాల ధూళి కొందరిలో ఉబ్బసం, అలర్జీ కలిగించవచ్చును. దోమ లార్వాలు గాలికై నీటిపైకి వస్తాయి గనుక నీటిపై నూనె చల్లితే నశిస్తాయి. ఈ లార్వాలు నీటిలో కరిగిన ప్రాణవాయువునే చర్మం ద్వారా గ్రహించుటవలన ఆ పద్ధతి అంతగా ఫలించదు. విచక్షణారహితంగా పురుగుమందులు చల్లితే చేపలకు, వాటి ఆహారానికి కూడా ముప్పు వాటిల్లుతుంది. కిటికీలకు సన్నని జాలీలు అమర్చుకొనుట, నీటి అంచున అనవసర దీపాలు ఆర్పుట తక్షణ ఉపశమనమిస్తాయి. చెరువులలోకి మురుగునీరు చేరకుండా అరికట్టుటయే శాశ్వత పరిష్కారం.