చెర్నాకోల చరిత్రము

రాజుల చరిత్రము శాసనములయందును కైఫీయతులయందును దొరకును. ప్రజల చరిత్రము వారి చేతులలో నలిగిన పనిముట్లయందు దొరకును. నాగలిని గూర్చియు మగ్గమును గూర్చియు ఎవరో యొకరు వ్రాయుచునే యున్నారు. తోలుతో నల్లిన చెర్నాకోలను గూర్చి వ్రాయువారు మాత్రమరుదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పల్లెలలో ఈ వస్తువు రెండు బ్రదుకులు బ్రదికినది. ఎద్దులను తోలు సేద్యగాని చేతిలో నొకటి. మనుష్యులను లొంగదీయు దొర చేతిలో నొకటి. తోలును పదను చేసి వారు తీసిన చేయి మాత్రము రెండింటికి నొక్కటియే. ఆ చేతికి దక్కిన ప్రతిఫలమేమి యనునదే మేమిచ్చట విచారింపదలచిన విషయము.

ఈ వస్తువునకు మన భాషలో పేళ్లకు కొదువ లేదు. ములుకోల వేఱు, చెర్నాకోల వేఱు. మొదటిదాని కొన ముల్లుండును, రెండవదాని కొన తోలువారుండును. జాటి, కొరడా, చబుకు అనునవి యీ రెండవదానికి చెల్లు పేళ్లు. వీనిలో చబుకు పారసీకమునుండి వచ్చినది. ఆ మాటయే తూర్పు దీవులకు బోయి మలయాభాషలో ‘చంబుక్’ అయ్యెను. అచ్చటినుండి దక్షిణాఫ్రికాకు జేరి ‘షాంబొక్’ అయ్యెను. జాతివివక్ష రాజ్యమేలిన దినములలో అచ్చటి పోలీసులు నల్లవారి గుంపులను చెదరగొట్టుటకు వాడిన కొరడాకు అదియే పేరు. మాటకూడ దెబ్బవలె ఒక సీమనుండి మఱియొక సీమకు బ్రాకినది.

చెర్నాకోల పుట్టుక మాదిగవాడలోని లందతో నారంభమగును. చచ్చిన గొడ్డు తోలును ఒలిచి తెచ్చి, సున్నపునీట నానవేసి, వెండ్రుకలూడిన పిమ్మట లోపలి పొరను గీకి కడిగి, తంగేడు చెక్క నానిన నీటిలో దినములకొలది యుంచి పదను చేయుదురు. చెక్కలోని వగరు తోలులోనికి దిగి దానిని కుళ్లకుండ గాపాడును. బతుకమ్మను పేర్చుటకు మన యాడుబిడ్డలు కోసి తెచ్చు పసుపుపచ్చని పూవు ఈ తంగేటిదే. తెలంగాణ రాష్ట్రము దీనినే తన రాష్ట్రపుష్పముగా గైకొన్నది. పూవునకు పూజ జరిగినది. ఆ చెట్టు చెక్కతో పనిచేసిన చేతికి మాత్రము అంటరానితనము మిగిలినది.

పదనైన తోలును రంపెతో చుట్టుచుట్టుగా కోసినచో అతుకులేని పొడుగైన వారు వచ్చును. అట్టి వారులను తడిపి, సాగదీసి, జడవలె నల్లుదురు. మొదట లావుగా నుండి కొనకు బోవుకొలది సన్నబడునట్లు పాయలను చెక్కుకొనుచు రావలయును. ఒక పాయ వదులైనను కొరడా ఒక ప్రక్కకు మెలిపడును. అల్లిక మధ్య ఆరిపోయినను బిగువు చెడును. ఇది చదువురానివాని మొరటుపని యని తలచువారు ఒక్కమారు తామే అల్లి చూడవలయును.

ఆ సన్నబడుటలోనే దాని శాస్త్రమున్నది. పిడికటనుండి పుట్టిన కదలిక వంపై ముందునకు సాగి, తేలికయైన కొనకు బోవుకొలది వేగము హెచ్చును. తుదకది సెకనుకు సుమారు 340 మీటర్లు పోవు ధ్వనినే మించును. ఛెళ్లుమను శబ్దము కొన దేనికో తగిలినందున వచ్చునది కాదు, గాలిలోనే పుట్టునది. ఈ కదలికను 2002లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయపు గణితజ్ఞులు లెక్కకట్టి చూపిరి. నేర్పరియైన బండివాడు ఈ లెక్క నెఱుగకయే ఎద్దు చెవిదాపున గాలిని పలికించి, దాని చర్మమును దాకకుండనే బండిని నడపును. కావున చెర్నాకోల స్వభావముచేతనే క్రూరమైనదని చెప్పరాదు. క్రౌర్యము పట్టినవానియందున్నది, పట్టనిచ్చిన వ్యవస్థయందున్నది.

ఆ వ్యవస్థ యెట్టిది? ఈ తావులన్నియు నిజాము రాజ్యములోని నల్లగొండ జిల్లాలోనివి. అచ్చట దేశ్‌ముఖులును, జాగీర్దారులును, మక్తేదారులును వేలకొలది యెకరముల భూమిని గుప్పిటబట్టి గడీలనుండి గ్రామములను శాసించిరి. వెట్టిచాకిరి వారి హక్కుగా నడచినది. పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో ప్రకటించిన తెలంగాణ పోరాట చరిత్రమునందు ఏ కులమువారు ఏ వెట్టి చేయవలసి వచ్చెనో వివరించిరి. చాకలి బట్టలుదుకవలయును, కుమ్మరి కుండలీయవలయును. తోళ్లు పదను చేయువారు దొరకు చెప్పులును, నీరు తోడు మోట సామగ్రియు, కాడికి గట్టు వారులును ఉచితముగా సమర్పింపవలయును. తోలుతో నగు వస్తువేదియు ఈ యాచారమునకు వెలి కాజాలదు. కావున కొరడాకు వలయు తోలును వెల లేక గడీకి జేర్చినవాడును, పని యాలస్యమైన నాడు ఆ కొరడాకే వీపు నొగ్గినవాడును ఒక్కడే. సేద్యగాడు ఎద్దునకు గడ్డి వేసి, నీరు పెట్టి, పిమ్మట చెర్నాకోల నెత్తును. దొర మనుష్యునకు కూలియైన నీయకయే యెత్తెను. ఎద్దునకు గల పాటి లెక్క మనుష్యునకు లేకపోయెను.

ఇది మన సీమకే పట్టిన తెగులనుకొనరాదు. బ్రిటిషు సైన్యములో కొరడాశిక్ష 1881 వఱకు సాగినది. బ్రిటిషు ఇండియాలో 1864లో కొరడాదెబ్బల చట్టము పుట్టి, 1909లో క్రొత్తరూపము దాల్చి, స్వాతంత్ర్యము వచ్చిన యెనిమిదేండ్లకుగాని, అనగా 1955కుగాని, తొలగింపబడలేదు. బ్రెజిలు దేశమున 1910లో నావికులు జువావ్ కాందిదు నాయకత్వమున తిరుగబడి, యుద్ధనౌకలను స్వాధీనము చేసికొని, కొరడాను మాన్పుమని కోరిరి. ఆ తిరుగుబాటునకు చరిత్రలో కొరడా తిరుగుబాటనియే పేరు. దెబ్బ తినువాడు ఎల్లకాలము తినుచునే యుండడని అన్ని దేశముల చరిత్రము చెప్పుచున్నది.

నల్లగొండ జిల్లాయు నదియే చెప్పినది. 1921లో హైదరాబాదున నేర్పడిన ఆంధ్రజనసంఘము వెట్టిని మాన్పవలయునని పనిచేసినది. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను ప్రథమ నిజామురాష్ట్రాంధ్ర మహాసభ జరిగినది. 1941లో కోదాడకు దాపుననున్న చిలుకూరియందు రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతను అష్టమ మహాసభ జరిగినది. పట్టణపు విద్యావంతుల సభ యంతటినుండి పల్లెసభగా మాఱసాగెను. సభ్యత్వపు చీటిని బట్టి జనులు దానిని చీటిసంఘమనిరి. 1946లో పాతసూర్యాపేట, మల్లారెడ్డిగూడెము మొదలగు గ్రామములవారు కఱ్ఱలతోను, వడిసెలలతోను గుండాలను, పోలీసులను ఎదిరించి నిలిచిరి. కొరడాకు గుత్ప బదులు చెప్పినది. ఆ పోరాటము 1951 వఱకు సాగెను. ఈలోగా 1949లో జాగీర్దారీ రద్దయ్యెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ యధికరణముచే అంటరానితనమును, 23వ యధికరణముచే వెట్టిని నిషేధించెను. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చెను. మూగజీవములను గూర్చియు 1960లో జంతుహింసానివారణ చట్టమును, 1965లో బండిలాగు పశువులను ముల్లుగఱ్ఱలతో పొడువరాదను నియమములును ఏర్పడెను.

పిమ్మట కాలము వేఱొక త్రోవ బట్టెను. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము నీళ్లు 1967లో కాలువలకెక్కెను. ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ, హుజూరునగరము, కోదాడ ప్రాంతముల మెట్టలు మాగాణులయ్యెను. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ప్రసిద్ధికెక్కెను. మోటబావి మూలబడెను, ట్రాక్టరు వచ్చెను, ఎద్దు తగ్గెను. ఎద్దుతో చెర్నాకోలయు, బొక్కెనతో లందయు వెనుకబడెను. వెట్టి పోవుట మేలే. కాని వెట్టి పోయిన దినమున ఆ చేతిపనికి న్యాయమైన వెల వచ్చి యుండవలసినది. దానికి మాఱుగా పనియే పోయినది. వెల లేని కాలమున విద్య యుండెను. వెల యియ్యదగిన కాలము వచ్చునప్పటికి విద్య అంతరించుచున్నది. సంస్కారాభిమానులు చింతింపవలసిన సంగతి యిదియే.

నేటికిని కొన్ని యిండ్లలో తాతలనాటి చెర్నాకోల దూలమునకో గోడకో వ్రేలాడుచుండును. అట్టిదానిని కాపాడుకొనదలచిన గృహస్థులకు రెండు మాటలు చెప్పుదుము. ఎండలో నుంచినచో తోలు పెళుసెక్కి పగులును. తడిలో నుంచినచో బూజుపట్టి కుళ్లును. ఎన్నాళ్లో యెండినదానిని ఒక్కసారి వంచరాదు. ముందు పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఆముదమును వ్రేళ్లకు రాచుకొని పలుచగా పట్టించి, ఒక దినము విడిచి మఱల పట్టింపవలయును. నూనె మితిమీరినచో అల్లిక వదులగును, దుమ్మంటును. మడచి పెట్టెలో నదుమక, వదులుగా చుట్టియో నిలువుగా వ్రేలాడదీసియో యుంచవలయును. కొన ముందుగా అరుగును గనుక, దానిని మాత్రము మార్చినచో తక్కినది తరములు నిలుచును. అతుకు వేయు నేర్పుగల చర్మకారుడు దొరకినచో అతడడిగిన వెలనిండు. బేరమాడకుడు. ఆ చేతిపనికి మన ఊళ్లు తరతరములుగా బాకీపడి యున్నవి.

తోలును కాపాడుట సులభము. దాని చరిత్రమును కాపాడుట కష్టము. కొందఱు దీనిని తాతగారి దర్పమునకు గుఱుతుగా చుట్టములకు జూపి మురియుదురు. మఱికొందఱు సిగ్గుపడి పొయ్యిలో వేయుదురు. రెండును సత్యమును దాచుటయే. దాని నుంచుడు. పిల్లలడిగినపుడు, దీనిని ఎవరు అల్లిరి, వారికి వెల ముట్టినదా, ఇది ఎవరి వీపుపై మ్రోగినది అను మూడు ప్రశ్నలకును ఉన్నదున్నట్లు బదులు చెప్పుడు. తెలియనిచో ఊరిలోని వృద్ధుల నడిగి తెలిసికొనుడు. మాదిగవాడకు బోయి యడుగుట మఱవకుడు. గడీల గోడలు కూలుచున్నవి; వాని నీడలో బ్రదికినవారి జ్ఞాపకములును తఱుగుచున్నవి. అవి యుండగనే వ్రాసి యుంచుకొనుట చదువుకొన్న ప్రతి గృహస్థునకును విధి.