లాగే చక్రాలు, నెట్టే చక్రాలు

పడమటి కర్నూలు సీమలో ఆదోని పత్తి మార్కెట్టుకూ, నేతగాళ్ల పట్టణమైన ఎమ్మిగనూరుకూ, మంత్రాలయం మఠానికీ సాగే దారుల మీద గడచిన ఆరు దశాబ్దాలలో తిరిగిన కార్ల చరిత్రను రాయబూనితే, అది చాలావరకు ఇంజను బలం వెనుక చక్రాల నుంచి ముందు చక్రాలకు మారిన చరిత్రే అవుతుంది. ఈ మార్పు వల్ల కారు లోపలి చోటు, ధర, బరువు మారాయన్నది అందరూ గమనించినదే గాని, మలుపులో కారు నడిచే తీరు, పట్టు తప్పినప్పుడు అది జారే దిక్కు, డ్రైవరు దాన్ని దారికి తెచ్చుకోవలసిన పద్ధతి కూడా దీనితోనే మారిపోయాయన్న సంగతికి తగినంత గుర్తింపు రాలేదు.

ఈ మార్పును పరిశీలించడానికి నందవరం పరిసరాలు అనువైనవి. చౌడేశ్వరీదేవి ఆలయంతో పేరొందిన బనగానపల్లె దగ్గరి నందవరం వేరు. ఇక్కడ ప్రస్తావిస్తున్నది ఎమ్మిగనూరు పక్కన, తుంగభద్ర వైపు విస్తరించిన మండలానికి కేంద్రమైన నందవరం. వేసవిలో దుమ్ము, తొలకరిలో ఆ దుమ్మే తడిసి తారు మీద పలుచని జారుడు పొరగా మారడం, నల్లరేగడి పొలాల నుంచి వచ్చే ట్రాక్టర్ల టైర్లు రోడ్డు మీద బురద గడ్డలు వదిలిపోవడం, తుంగభద్ర దిగువ కాలువ కింద దమ్ము చేసే రోజుల్లో ఆ బురద ఇంకా పెరగడం ఈ ప్రాంతపు రోడ్ల స్వభావం. టైరుకూ రోడ్డుకూ నడుమ పట్టు ఇలా కొద్ది దూరంలోనే మారిపోయే చోట, బలం ఏ చక్రాలకు అందుతున్నదన్న ప్రశ్నకు ప్రాణాలతో ముడిపడిన విలువ ఉంటుంది.

మొదటి తరం కార్లు దాదాపు అన్నీ వెనుక చక్రాల బలంతో నడిచినవే. 1891 ప్రాంతంలో ఫ్రాన్సుకు చెందిన పనార్ సంస్థ ఇంజనును ముందు పెట్టి, బలాన్ని వెనుక చక్రాలకు పంపే ఏర్పాటును స్థిరపరచగా, అదే దాదాపు ముప్పావు శతాబ్దం పాటు ప్రపంచమంతటా ప్రధాన పద్ధతిగా నిలిచింది. తర్వాతి కార్లలో ఆ బలాన్ని వెనుక ఇరుసుకు చేర్చే, మెకానిక్కులు ప్రొపెల్లర్ షాఫ్ట్ అని పిలిచే పొడవైన ఇనుప కడ్డీ కారు అడుగున నిడివిగా సాగుతుంది. వెనుక ఇరుసు నడుమ ఉబ్బెత్తుగా కనిపించే హౌసింగులోని డిఫరెన్షియల్, మలుపులో లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం వేగంగా తిరిగేలా బలాన్ని పంచుతుంది. 1950ల చివర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారీ మొదలుపెట్టిన అంబాసిడర్, బొంబాయిలో ప్రీమియర్ సంస్థ తయారుచేసిన ఫియట్, ఆ ఫియటే పేరు మార్చుకున్న పద్మిని, పల్లెలకు మనుషులను చేరవేసిన మహీంద్రా జీపు, అన్నీ ఈ పద్ధతివే.

ముందు చక్రాలకు బలం ఇవ్వాలన్న ఆలోచన కొత్తది కాదు. 1770 ప్రాంతంలో కూన్యో నిర్మించిన ఆవిరి బండి తన ఒంటి ముందు చక్రం బలంతోనే నడిచింది. అయితే దిక్కు మార్చే చక్రానికే బలం కూడా అందించాలంటే, చక్రం పక్కకు తిరిగినా వేగం హెచ్చుతగ్గులు లేకుండా ఒకే తీరుగా తిరిగే కీలు కావాలి. మామూలు క్రాస్ జాయింటు వంగినప్పుడు ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది, స్టీరింగు అదురుతుంది. ఆల్ఫ్రెడ్ జెప్పా 1920లలో రూపొందించిన, గోళీలతో పనిచేసే సమవేగ కీలు ఈ చిక్కును విడదీసింది. ఇప్పటి కారు ముందు చక్రం వెనుక రబ్బరు బూటులో దాగి, ఆ బూటు చినిగి దుమ్ము చేరితే మలుపులో టకటకమని చప్పుడు చేసే సీవీ జాయింటు దాని వంశంలోదే. 1934లో సిట్రోయెన్, 1959లో ఇంజనును అడ్డంగా అమర్చిన మినీ ఈ పద్ధతిని సామాన్యుల కారుకు తెచ్చాయి. మన దేశంలో ఆ మార్పు 1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 తాళాలు అందజేసిన రోజున వచ్చింది.

ఆ మరుసటి ఏడాదే మారుతి సంస్థ విడుదల చేసిన వ్యాను, తర్వాత ఓమ్నీ అన్న పేరుతో ప్రసిద్ధమైనది, ఈ చర్చకు దొరికిన అరుదైన ఉదాహరణ. రెండింటిలోనూ ఉన్నది 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజనే; కాని 800లో అది ముందు అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పితే, ఓమ్నీలో ముందు సీట్ల కింద ఉండి వెనుక చక్రాలను తిప్పింది. ఖాళీ ఓమ్నీ వెనుక భాగం తేలిక కావడం వల్ల తడిరోడ్డు మీద వెనుక చక్రాల పట్టు పలచబడేది. మనుషులో సరుకో నిండితే ఆ పట్టు పెరిగేది. 800లో జరిగేది దీనికి తారుమారు: ఇంజను, గేర్‌బాక్సు బరువు ముందు చక్రాల మీదే ఉండడం వల్ల ఒంటరి డ్రైవరుకు అది నిబ్బరంగా కదిలేది గాని, వెనుక ముగ్గురు కూర్చుని డిక్కీ కూడా నిండితే ముందు చక్రాల వాటా తగ్గేది. మారుతి 800 సురక్షితమని, ఓమ్నీ కాదని ఒక్క మాటలో తేల్చినవారు బరువు ఎక్కడ ఉన్నదన్న ప్రశ్నను వదిలేశారు. అయితే ఎదురు ఢీకొన్నప్పుడు డ్రైవరు కాళ్ల ముందు రేకు తప్ప పెద్దగా అడ్డు లేకపోవడం ఓమ్నీకి నిజమైన లోపమే. అది చోదన పద్ధతి వల్ల కాదు, బాడీ నిర్మాణం వల్ల వచ్చినది.

ముందు చక్రాల కారును ఎద్దులు ముందుండి లాగే బండితో పోల్చి చెప్పడం ఈ ప్రాంతంలో సహజమే గాని, ఆ పోలిక సగమే సరైనది. ఎద్దులు నేలను పట్టి లాగుతాయి, బండి చక్రాలు కేవలం దొర్లుతాయి, కారులో మాత్రం లాగేదీ తిరిగేదీ అవే చక్రాలు. ఒక టైరు నేలను పట్టుకోగల శక్తికి హద్దు ఉంది. ఆ శక్తిలో కొంత లాగడానికి ఖర్చయితే మలుపు తిప్పడానికి మిగిలేది ఆ మేరకు తగ్గుతుంది. అందుకే మలుపులో వేగం మించితే ముందు చక్రాల కారు స్టీరింగు తిప్పినంతగా తిరగక, బయటి అంచు వైపు నేరుగా పోవాలని చూస్తుంది. దీన్ని అండర్‌స్టీర్ అంటారు. వెనుక చక్రాల కారులో పని విభజన ఉండడం వల్ల స్టీరింగు తేలికగా, నమ్మకంగా పలుకుతుంది. కాని మలుపులో యాక్సిలరేటరు అతిగా తొక్కితే వెనుక భాగమే బయటికి జారి, కారు కోరినదానికన్నా ఎక్కువగా తిరిగిపోతుంది. దీన్ని ఓవర్‌స్టీర్ అంటారు.

ముందు చక్రాల పద్ధతి సగటు డ్రైవరుకు క్షేమకరమని నిపుణులు భావించడానికి కారణం అది రోడ్డును ఎక్కువ గట్టిగా పట్టుకోవడం కాదు. భయపడిన మనిషి చేసే మొదటి పని యాక్సిలరేటరు మీది కాలు తీయడం. అండర్‌స్టీర్‌లో కాలు మెల్లగా తీస్తే ముందు చక్రాలకు పట్టు తిరిగివచ్చి కారు దారికి వస్తుంది. ఓవర్‌స్టీర్‌లో మాత్రం జారుతున్న వైపే స్టీరింగు తిప్పాలి; అది సహజంగా తోచే పని కాదు, సాధనతో అబ్బేది. అంబాసిడర్ మీద ఏళ్ల తరబడి చెయ్యి తిరిగిన టాక్సీ డ్రైవర్లకు ఆ విద్య ఉండేది, దానికి దక్కవలసిన గౌరవం దక్కలేదు.

ఇక్కడే ప్రాణాంతకమైన ఒక అలవాటును గట్టిగా ఖండించవలసి ఉంది. ముందు చక్రాల కారులో ముందు టైర్లే త్వరగా అరుగుతాయి కాబట్టి, రెండే కొత్త టైర్లు కొన్నప్పుడు వాటిని ముందు వేసి, అరిగినవాటిని వెనుక ఉంచడం సర్వసాధారణమైంది. వానలో నీరు నిలిచిన చోట అరిగిన వెనుక టైర్లు ముందుగా పట్టు వదిలితే, మలుపులో బ్రేకు వేసిన క్షణాన బరువు ముందుకు ఒరిగి, తేలికైన వెనుక భాగం గిరుక్కున తిరుగుతుంది. ముందు చక్రాల కారు జారదన్న నమ్మకంతో ఉన్న డ్రైవరుకు తేరుకునే వ్యవధి ఉండదు. కొత్త జత ఎప్పుడూ వెనుకే ఉండాలన్న టైర్ల తయారీదారుల సలహా రెండు రకాల కార్లకూ వర్తిస్తుంది.

బ్రేకు దూరం విషయంలో ఈ రెండు పద్ధతులకూ చెప్పుకోదగిన తేడా లేదు, ఎందుకంటే ఆపే పని నాలుగు చక్రాలదీ. డ్రైవరు స్పందించే వ్యవధిని వదిలేస్తే, పొడి తారు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఆగడానికి సుమారు 20 మీటర్లు పడితే, 80లో సుమారు 36 మీటర్లు పడుతుంది. బురద వల్ల పట్టు సగమైతే ఆ దూరాలు రెట్టింపవుతాయి.

బరువు మోయడంలో మాత్రం పాత పద్ధతి ఓడిపోలేదు. పత్తి బోరేలతో ఆదోనికి పోయే టాటా ఏస్, పల్లెల మధ్య జనాన్ని ఎక్కించుకునే బొలెరో ఇప్పటికీ వెనుక చక్రాల బలంతోనే నడుస్తున్నాయి, ఎందుకంటే సరుకు పెరిగినకొద్దీ లాగే చక్రాల మీదే బరువు పెరుగుతుంది. ఈ ప్రాంతం నేల చదును కాబట్టి ఎత్తుపల్లాల తేడా శ్రీశైలం ఘాట్ వంటి చోట్లకు వెళ్లినప్పుడే తెలుస్తుంది: ఎగువకు పోయేటప్పుడు బరువు వెనక్కి వాలి నిండు ముందు చక్రాల కారు మలుపులో చక్రం ఊరికే తిప్పుకుంటుంది, దిగువకు వచ్చేటప్పుడు తడిరోడ్డు మీద తక్కువ గేరులోకి హఠాత్తుగా దించితే, ఇంజను నిరోధమంతా వెనుక చక్రాల మీద పడే కారు తోక జార్చే ప్రమాదం ఉంది.

మారుతి 800, అంబాసిడర్ రెండూ 2014లోనే తయారీ నిలిపివేసుకున్నాయి. 2019లో రాయలసీమలోనే, పెనుకొండ సమీపంలోని కియా కర్మాగారం నుంచి ముందు చక్రాల సెల్టోస్ బయటికి రావడం మొదలైంది. 2022లో అంతవరకు వెనుక చక్రాలతో నడిచిన ఇన్నోవా కూడా హైక్రాస్ రూపంలో ముందు చక్రాలకు మారింది, పాత పద్ధతి క్రిస్టా దాని పక్కనే కొనసాగింది. అదే కాలంలో బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు తప్పనిసరి అయింది. కారు తిరుగుతున్న తీరును కొలిచి, ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి జారుడును సరిదిద్దే ఈఎస్‌సీ అనే ఏర్పాటు 1995లో మెర్సిడెస్ కారులో మొదలై క్రమంగా సామాన్యుల కార్లకు చేరుతున్నది. వెనుక చక్రాల పద్ధతికి ఉన్న పాత భయాన్ని ఎక్కువగా తగ్గించినది ఈ ఏర్పాటే. మోటారును ఇరుసు దగ్గరే అమర్చగలిగే విద్యుత్తు కార్లకు నిడుపాటి షాఫ్ట్ అవసరం లేకపోవడంతో, 2024 చివర మహీంద్రా ప్రకటించిన బీఈ 6, ఎక్స్ఈవీ 9ఈ కార్లలో బలం మళ్లీ వెనుక చక్రాలకే చేరింది.