గోదావరి డెల్టాలో ఉన్నత గణితం: ఒక సింహావలోకనం

నన్నయ భారతాన్ని తెనిగించిన కాలానికి దగ్గరలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుల గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. గణితం మన భాషలో అంత పాతది. అయితే డెల్టా నేలకు దాని అవసరం తెలిసింది 1847–52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట లేచినప్పుడు. కాలువ వాలు ఎంత ఉండాలి, ఏ తూము కింద ఎన్నెకరాలు పారుతాయి అన్నవి అంచనాకు వదిలేసే సంగతులు కావు. ఆ నీరే పంటనిచ్చింది, ఆ పంటే పిల్లలను బడికి పంపింది.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. అందులో, విశాఖపట్నం వాల్తేరులో పాఠాలు చెప్పిన ఎస్. మీనాక్షిసుందరం 1949లో స్వీడన్ గణితజ్ఞుడు ఓకె ప్లెయెల్‌తో కలిసి ప్రచురించిన పత్రం ప్రపంచ గణితంలో నిలిచిపోయింది. ఒక వస్తువులో వేడి ఎలా పాకుతుందో చెప్పే సమీకరణం నుంచి ఆ వస్తువు ఆకృతిని గురించి ఎంత తెలుసుకోవచ్చో వారు చూపారు. మన తీరాన పనిచేసిన మనిషి పేరు నేటికీ ఆ సిద్ధాంతంతోనే పలుకుతుండటం నాకెంతో గర్వకారణం.

ఈలోగా డెల్టాలోనే, 1945లో భీమవరంలో ఒక కళాశాల వెలిసింది. తర్వాత అది దంతులూరి నారాయణరాజు పేరు పెట్టుకుంది. డిగ్రీ చదువు రైతుబిడ్డల ఇంటి దగ్గరికే వచ్చింది. 1980లో అదే ఊరికి ఎస్.ఆర్.కె.ఆర్. ఇంజినీరింగ్ కళాశాల రావడం మరో మలుపు. లాప్లాస్ పరివర్తనలు, పాక్షిక అవకలన సమీకరణాలు ఇక ఎమ్మెస్సీ వాళ్ల సొత్తుగా మాత్రమే మిగల్లేదు. మెకానికల్ కుర్రాడూ, ఎలక్ట్రానిక్స్ అమ్మాయీ గ్రేవాల్ రాసిన ఇంజినీరింగ్ గణితం పుస్తకం చంకన పెట్టుకుని ‘ఎమ్-1’, ‘ఎమ్-2’ అనే గణితం పేపర్లు గట్టెక్కాల్సిందే.

ఆ తరగతిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, తరంగాలను సైను వంపుల మొత్తంగా రాసే ఫోరియర్ పాఠం. బల్ల మీద మాస్టారు చతురస్ర తరంగం గీస్తారు. ముందు ఒక సైను వంపు, దానికి మూడో వంతు ఎత్తుతో మూడింతలు వేగంగా ఊగే మరొకటి, ఆపైన అయిదో వంతుది. పదాలు కలిపే కొద్దీ వంపు చదునవుతుంది, అంచులు నిటారుగా లేస్తాయి. ఎన్ని పదాలు కలిపినా మూల దగ్గర చిన్న మూపురం మాత్రం పోదు. దాని ఎత్తు, తరంగం అక్కడ ఒక్కసారిగా దూకే ఎత్తులో 9 శాతం దగ్గర నిలుస్తుంది. విద్యార్థి మొదట తన లెక్క తప్పిందనుకుంటాడు. అది తప్పు కాదని తెలిసిన రోజున గణితం అతనికి దగ్గరవుతుంది.

ఈ గణితం తరగతి గదిలోనే ఆగిపోదు. ఇప్పుడు భీమవరం చుట్టూ చేపల, రొయ్యల చెరువులు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే ఏరేటర్లు తిప్పుతారు. గాలిలోంచి ఆక్సిజన్ నీళ్లలోకి చేరే వేగం, అక్కడున్న లోటుకు అనుపాతంలో ఉంటుంది. చల్లారే కాఫీకి రాసే మొదటి పరిమాణపు అవకలన సమీకరణమే అది.