చందమామ చెప్పే రచనా పాఠం

పన్నెండు పదమూడేళ్ల పాఠకుడి కోసం రాయడం కష్టమైన పని. జోలపాటల వయసు దాటిపోయింది. పెద్దల వారపత్రికలు ఇంకా అందవు. ఈ మధ్య వయసును తెలుగులో ఎవరు, ఎలా పట్టుకున్నారన్నది తెలుసుకోదగిన చరిత్ర.

న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో మద్రాసు నుంచి 'బాల' పత్రికను ప్రారంభించారు. 1947 జూలైలో అదే నగరంలో నాగిరెడ్డి, చక్రపాణి 'చందమామ'ను తెచ్చారు. అది తెలుగుతోపాటు తమిళంలోనూ 'అంబులిమామ'గా వెలువడింది. 1949లో కన్నడం, 1952లో మరాఠీ, 1956లో ఒడియా ప్రతులు చేరాయి. ఇంట్లో తెలుగు, బడిలో మరో భాషగా పెరిగే మనవంటి వారికి ఈ వరుస ముఖ్యమైనది. బడి భాషలో చదివిన కథనే ఇంటి భాషలోనూ చదువుకునే వీలు దీనివల్ల కలిగింది.

కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో మరణించేవరకు ఆ పత్రికలో పనిచేశారు. అక్కడ స్థిరపడిన వచనాన్ని గమనించండి. వాక్యం చిన్నది, క్రియ స్పష్టం. దీర్ఘ సమాసాలు లేవు. ఒక్క జిల్లాకే పరిమితమైన యాస లేదు. అందుకే తెనాలి పిల్లవాడికీ బళ్లారి పిల్లవాడికీ అది సమానంగా అందింది. సులభమైన భాష అంటే పేద భాష కాదని ఆ పుటలే సాక్ష్యం.

నిర్మాణం రెండో పాఠం. 1954లో 'తోకచుక్క'తో మొదలైన దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు పాఠకుణ్ణి వచ్చే నెల దాకా ఎదురుచూసేలా చేశాయి. బేతాళ కథ చివర ప్రశ్న వేసి, జవాబుకు ముందు పాఠకుణ్ణి ఒక్క క్షణం ఆలోచింపజేస్తుంది. కథాసరిత్సాగరంలో బేతాళ కథలు 25. చందమామలో ఆ చట్రం దశాబ్దాల పాటు కొత్త కథలను మోసింది. అక్కడ నీతిని ఎవరూ ఉపన్యసించరు. తీర్పు చెప్పే పెద్దరికం ముందుగా పాఠకుడికే దక్కుతుంది. ఆ వయసు కోరుకునేదీ అదే.

2013 నాటికి చందమామ ఆగిపోయింది. తెలుగు మాట వచ్చి తెలుగు అక్షరం రాని పిల్లలు హోసూరులోనూ బరంపురంలోనూ మన ఇళ్లలోనే ఉన్నారు. చదవాలనిపించే పుట చేతికి రాకపోతే అక్షరం నేర్చుకోవడానికి వారికి కారణమేముంటుంది? కనుక మీ కళాశాల పత్రికకు రాసేటప్పుడు ఒక్క వ్యాసమైనా మీ తమ్ముడి కోసమో, చెల్లెలి కోసమో రాయండి. అచ్చుకు పంపే ముందు వారికే చదివి వినిపించండి. వారు ఎక్కడ దిక్కులు చూస్తారో, అక్కడే వాక్యాన్ని దిద్దాలి.