ఒట్టు తిట్టయిన వైనం

ఇంగ్లండ్‌లోని బకింగ్‌హామ్‌షైర్‌లో బ్రాటన్ అనే ఊరుంది. అక్కడి పాత చర్చి గోడ మీద 15వ శతాబ్దం నాటి బొమ్మ ఒకటి ఇప్పటికీ ఉంది. మధ్యలో మేరీమాత, ఆమె ఒడిలో ఛిద్రమైన క్రీస్తు దేహం. చుట్టూ ఖరీదైన దుస్తుల్లో యువకులు, వాళ్ల చేతుల్లో ఆ దేహపు ముక్కలు. వాళ్లు హంతకులు కారు. నోటిదురుసు మనుషులు, అంతే.

ఆ రోజుల్లో ఇంగ్లిషువాడి నోట వచ్చే పెద్ద తిట్టు నిజానికి ఒట్టు. దేవుడి గాయాల మీద ఒట్టు, దేవుడి రక్తం మీద ఒట్టు, శిలువ మేకుల మీద ఒట్టు. పాచికల్లో ఓడినా, తాగినచోట మాటామాటా పెరిగినా అదే. అలా ఒట్టేసిన ప్రతిసారీ ఆ శరీరాన్ని మళ్లీ చీల్చినట్టేనని మతబోధకులు హెచ్చరించేవారు. కవి చాసర్ కథల్లో పార్డనర్ అనే పాత్ర చెప్పేదీ అదే. మనకు ఒట్టు వేరు, తిట్టు వేరు. ఇంగ్లిషులో రెండింటికీ ‘స్వేర్’ అనే ఒక్క మాటే ఎందుకుందో ఈ గోడ దగ్గర నిలబడితే తెలుస్తుంది.

అనకుండా ఉండలేరు, అంటే పాపం. అందుకని మాటను నమిలేశారు. ‘గాడ్స్ ఊండ్స్’ కాస్తా ‘జౌండ్స్’ అయింది. శిలువ మేకులు ‘గాడ్‌జూక్స్’లో దాక్కున్నాయి. చాలా తర్వాత, 19వ శతాబ్దంలో వచ్చిన ‘బ్లైమీ’ కూడా ఆ కోవదే: దేవుడు నా కళ్లు పోగొట్టుగాక అనే శపథం అరిగిపోయి, ఉత్త ఆశ్చర్యార్థకంగా మిగిలింది. కోపంతో నోటిదాకా వచ్చిన శాపాన్ని పెదవి దగ్గర మలుపు తిప్పి ‘నీ ఇల్లు బంగారం కానూ’ అనే మన పెద్దవాళ్లు గుర్తొస్తారు నాకు. మాటకు నిజంగా బలం ఉందని నమ్మినవాళ్లే దాన్ని అంత జాగ్రత్తగా పక్కకు తప్పిస్తారు.

ప్రభుత్వమూ నమ్మింది. రంగస్థలం మీద దేవుడి పేరు తేలిగ్గా వాడితే 10 పౌండ్ల జరిమానా అని 1606లో చట్టం చేసింది. 1622లో అచ్చయిన ‘ఒథెల్లో’ నాటకంలో విలన్ ఇయాగో నోట ఈ ఒట్లు వినిపిస్తాయి. మరుసటి ఏడు వచ్చిన షేక్స్‌పియర్ నాటకాల సంపుటిలో అదే ఇయాగో అవి లేకుండా మాట్లాడతాడు. 1745 చట్టమైతే అంతస్తును బట్టి రేటు కట్టింది. కూలీ, సిపాయి, నావికుడు ఒట్టేస్తే ఒక షిల్లింగు. పెద్దమనిషి కాని ఇతరులకు రెండు. పెద్దమనిషికి అయిదు. రెండోసారికి రెట్టింపు, ఆపైన మూడింతలు. ఈ చట్టాన్ని చర్చిలో చదివి వినిపించమన్నారు కూడా. 1967లో గానీ రద్దు కాలేదు.

మన సినిమా విలన్లు తెలుగిళ్లలోకి తెచ్చిన ‘బ్లడీ’ది వేరే దారి. మేరీమాత పేరు మీది ఒట్టే అరిగి అలా అయిందని ఒక కథ ఉంది. అందమైన కథే గానీ నిఘంటుకారులు ఒప్పుకోరు. మొదట్లో అది ‘మహా’ అన్నట్టు, మాటకు ఊతమిచ్చే పదం. రానురానూ వీధి మాటగా ముద్రపడి, మర్యాదస్తుల ఇళ్లలో నిషిద్ధమైంది. 1914 ఏప్రిల్ 11న లండన్‌లో బెర్నార్డ్ షా ‘పిగ్మేలియన్’ ఆడుతోంది. పూలమ్ముకునే ఎలైజా పాత్రలో మిసెస్ ప్యాట్రిక్ క్యాంబెల్, దొరసానిలా ముస్తాబై, నేర్చుకున్న స్వచ్ఛమైన ఉచ్చారణతో ఆ మాట అనేసింది. ప్రేక్షకుల నవ్వులు చాలాసేపు ఆగలేదు. పత్రికల్లో గగ్గోలు.

ఆ తర్వాత జనం ఏం చేశారంటే, అసలు మాట నోటితో అనలేక, దాని స్థానంలో నాటకం పేరు పెట్టుకున్నారు. చిరాకొస్తే ‘పిగ్మేలియన్’ అనేవారు.