పోరుమామిళ్ల చెరువు: ఆరు దోషాల్లో మొదటిది

మా చెరువు అసలు పేరు అనంతరాజసాగరం. ఆ పేరు శాసనం చదివినవాళ్లకే తెలుసు. ఊళ్లో ఎవరినడిగినా చెరువంటే చాలు. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి ఏలుతూ 1369లో దీన్ని కట్టించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. భైరవుడి గుడి దగ్గర నిలిపిన రెండు రాతి పలకల మీద ఈ లెక్కంతా ఉంది.

కట్టించినవాళ్ల గొప్పలు చెప్పే శాసనాలకు సీమలో కొదవ లేదు. ఈ శాసనం అక్కడితో ఆగలేదు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెరువును చెరిపే ఆరు దోషాలు ఏకరువు పెట్టింది. ఆ పన్నెండింటిలో జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, రాయి దొరికే గని, కట్టడం తెలిసిన పనివాళ్లు ఉన్నారు. దోషాలు చూడండి: కట్ట కారడం, చవిటి నేల, రెండు రాజ్యాల పొలిమేర, చెరువు నడుమ మిట్ట, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై నేల చాలకపోవడం. చివరి అయిదూ చోటు ఎంచుకునేటప్పుడే తేలిపోతాయి. కారడం మాత్రం ఏ ఏటికాయేడు కొత్తగా పుడుతుంది. దాన్ని మొదట చెప్పడం ఊరికే కాదనుకుంటాను.

చోటు విషయంలో వాళ్లకు తిరుగులేదు. నాలుగు గుట్టల నడుమ మూడు మట్టికట్టలు వేసి, లోపలివైపు కడప బండలు పరిచారు. కష్టంలో సగం గుట్టలే మోశాయి. అయితే మట్టి గుట్టను తాకే అతుకు దగ్గరే నీరు దారి వెతుక్కుంటుంది. వానలు పడ్డాక కట్ట వెలుపలి మొదట్లో ఊట కనిపిస్తే పెద్దవాళ్లు దోసిట పట్టి చూస్తారు. తేటగా ఉంటే కనిపెట్టి ఉండొచ్చు. ఎర్రగా, బురదగా వస్తే లోపల మట్టి కోసుకుపోతున్నట్టే. ఆ రాత్రి ఇక నిద్ర లేదు.

కట్టలో నీటికి దారి వేసేది ఎక్కువగా కంపచెట్టూ ఎలకా. కంప వేరు బండల సందులోంచి దిగుతుంది, చెట్టు చచ్చాక వేరు కుళ్లి గొట్టమవుతుంది. ఎలక బొక్క అయితే ముందే తయారు.

మొరవ సంగతి వేరే. గేట్లు లేని రాతిగట్టు అది; కరెంటు అక్కర్లేదు, గ్రీజు అక్కర్లేదు, నిండితే దానంతటదే పొర్లుతుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టుకు వరద వచ్చినప్పుడు అయిదు గేట్లలో ఒకటి లేవలేదు. నీళ్లు మట్టికట్ట ఎక్కి పొర్లాయి, కట్ట తెగింది, కింద ఊళ్లు ఊళ్లే పోయాయి. ఆ మాట విన్నాక మొరవ విలువ మరింత తెలిసొచ్చింది. కానీ ఇంకో రెండు తడులు వస్తాయని మొరవల మీద ఇసుక మూటలు పేర్చే అలవాటు చెరువులున్న ఊళ్లన్నిటా ఉంది. గేటు మొరాయించడానికీ దీనికీ తేడా ఏముంది?

పూర్వం దశబంధం మాన్యం ఉండేది. ఆ భూమి అనుభవించేవాడే చెరువు మరమ్మతు చూడాలి. తర్వాత చెరువులు సర్కారు పద్దులోకి పోయాయి, 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. 2020లో మా చెరువు కంభం చెరువుతోపాటు ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల జాబితాకెక్కింది. సంతోషమే, కంప కొట్టేవాడి కూలి మాత్రం జాబితాలో లేదు.

పెద్ద నిధుల మాట తర్వాత. తుపాన్ల కాలం రాకముందే, సెప్టెంబరులో, కట్ట పొడుగునా ఒకసారి నడిచి చూసే బాధ్యత ఒక మనిషికి అప్పగించాలి. వేలెడు కంప మొలకను చేత్తో పీకెయ్యొచ్చు. మానయ్యాక పైన నరికితే లాభం లేదు: వేరంతా తవ్వి తీసి, ఆ గుంతలో బంకమట్టి పొరలు పొరలుగా వేసి, తడిపి దిమ్మిస కొట్టాలి. ఆ పని చెరువు నిండాక చేస్తామంటే కుదరదు.