గంప కింద లెక్క

చెప్పులు వాకిట్లో విడిచి, తల వంచుకుని లోపలికి రండి. దూలం తక్కువ ఎత్తులో ఉంటుంది. తెనాలి దగ్గర మా పల్లె ఇది. సంక్రాంతి వెళ్ళి నాలుగో రోజు, ఇంకా తెల్లవారలేదు. పొగమంచు పశువుల కొట్టంలోకి కూడా వచ్చేసింది. ఆ మూల తట్టలో, వరిగడ్డి మీద, మా అమ్మమ్మ ఎర్ర పెట్ట పొదుగు మీద ఉంది. నేటికి ఇరవై ఒకటో రోజు. రోజుకొక్కసారి లేచి నాలుగు గింజలు మింగుతుంది, నీళ్ళు తాగుతుంది, బూడిదలో పొర్లాడి గుడ్లు చల్లారేలోగా పరుగున వచ్చి కూర్చుంటుంది. ఆ పరుగు చూస్తే మనకే ఆయాసం వస్తుంది.

“ఒరేయ్, లైటు దాని కళ్ళల్లో కొట్టకు,” అంటూ అమ్మమ్మ దాని పొట్ట కిందికి చెయ్యి పోనిచ్చింది. పెట్ట మణికట్టు మీద గట్టిగా పొడిచినా ఆమె పట్టించుకోలేదు. ఒక గుడ్డు తీసి నా చెవికి ఆనించింది. మీరూ వినండి. లోపల సన్నగా, తడిగా ఒక కూత. తల్లి గొంతులోనే ఏదో గొణిగింది. గుడ్డు లోపలినుంచి మళ్ళీ కూత.

పదమూడు గుడ్లు పెట్టాం. వారానికి చీకట్లో టార్చి ఆనించి చూస్తే, పదకొండింటిలో సాలెపురుగు కాళ్ళలా ఎర్రటి నరాలు కనిపించాయి. రెండు వట్టివి, తీసేశాం.

ఇప్పుడు ఈ గుడ్డు మీద మెంతి గింజంత పగులు ఉంది. ముక్కు కొసన ఉన్న గట్టి తెల్లటి పలుకుతో పిల్ల లోపలినుంచి కొడుతోంది. బయటికొచ్చాక కొద్ది రోజుల్లోనే ఆ పలుకు రాలిపోతుంది. కాసేపు కొడుతుంది, చాలాసేపు ఆగుతుంది. గంట గడిచినా పగులు పెద్దగా పెరగలేదు. నా వేళ్ళు ఊరుకోక, “పెంకు కొంచెం ఒలిచేదా అమ్మమ్మా?” అన్నాను.

“చెయ్యి పెట్టావంటే చంపేస్తావు. లోపలి పొరలో ఇంకా నెత్తురు ఆడుతుంది. అది లోపలికి లాక్కున్నాకే పిల్ల బయటికొస్తుంది.”

మధ్యాహ్నానికి వచ్చింది. తడిసి ముద్దై, మెడ నిలపలేక పడి ఉన్న పిల్లను చూస్తే ఇది బతుకుతుందా అనిపిస్తుంది. తల్లి రెక్క కింద రెండు గంటలుంటే పసుపు పూసిన దూదిలా తయారవుతుంది. మర్నాటికి పది పిల్లలయ్యాయి. ఒక గుడ్డు విచ్చుకోలేదు. మొదటి రోజు తిండి పెట్టలేదని కంగారుపడకండి. గుడ్డులోని పచ్చసొన మిగులు ఇంకా వాటి కడుపులోనే ఉంటుంది. మూడో రోజు నుంచి నూకలు. నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళు వేయాలి, లేకపోతే పిల్లలు పడి తడిసి చలికి పోతాయి. పొద్దుపోయేసరికి పిల్లల్ని గంప కింద కమ్మి అమ్మమ్మ లెక్కపెడుతుంది. పది.

ఏడో రోజు సాయంత్రం మా అరుగు దగ్గరికి వీధి వీధంతా వచ్చింది. గంపల్లో, బుట్టల్లో, చీర కొంగుల్లో కోడిపిల్లలు. పశువుల ఆసుపత్రి నుంచి ఐసు వేసిన ఫ్లాస్కులో లసోటా టీకా తెచ్చాను. సీసా ఒక్కటే వందకు సరిపోతుంది, కలిపాక నిలవ ఉండదు, అందుకే అందరినీ పిలిచాం. పిల్లను అరచేతిలో పట్టుకోండి. గుండె మీ వేళ్ళకు కొట్టుకుంటుంది. కంట్లో ఒక్క చుక్క వేసి, అది రెప్ప కొట్టేదాకా ఆగి వదలాలి. మూడేళ్ళ కిందట ఈ కొట్టంలో ఇరవై రెండు కోళ్ళుండేవి. గురక, ఆకుపచ్చ పారుడు, మెలితిరిగిన మెడలు. ఐదు రోజుల్లో ఒక్కటీ మిగల్లేదు. ఉత్తరాఖండ్‌లోని ఊరి పేరుతో పుస్తకాల్లో ఆ జబ్బును రాణీఖేత్ అంటారు, మేం కొక్కెర తెగులంటాం. వచ్చాక దానికి మందు లేదు. మీ ఇంట్లో నాలుగే పిల్లలున్నా సరే, పక్కింటివాళ్ళను కలుపుకొని ఈ చుక్క వేయించండి.

తర్వాతి రోజులన్నీ పెరట్లోనే. తల్లి కాళ్ళతో ఆకులు చిమ్మి, పురుగు దొరికితే ముక్కుతో ఎత్తి కింద వేసి, టుక్ టుక్ మని పిలుస్తుంది. పిల్లలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ వస్తాయి. కుండలో ఎండు పేడ, తడిపిన గడ్డి కూరి పుట్ట దగ్గర బోర్లిస్తే పొద్దునకి చెదలు పడతాయి. అవి దులిపిన రోజు పిల్లలకు పండగ. ఒక మధ్యాహ్నం తల్లి గొంతు మారింది. పొడుగ్గా, గరగరమంటూ ఒక్క కేక. పిల్లలన్నీ రెక్కల కిందికి దూరాయి, ఒక్కటి తప్ప. గద్ద నీడ కొట్టం మీదుగా దాటిపోయాక గంప కింద తొమ్మిది. మరో వారానికి, ముందునుంచీ నీరసంగా ఉన్న పిల్ల ఒక చలి రాత్రి పోయింది. ఎనిమిది.

ఉగాది దగ్గర పడేసరికి దూది పోయి ఒంటి నిండా ఈకలు. ఒక పొద్దున నూకల దగ్గరికొచ్చిన పిల్లను తల్లి నెత్తిన పొడిచి తరిమింది. పిల్ల బిత్తరపోయి మళ్ళీ వచ్చింది, మళ్ళీ పొడిచింది. రెక్క విప్పి గద్దకు ఎదురు నిలిచిన తల్లి ఇదే. ఆ వారమే రెండో టీకా, రెక్క కింద సూది.

ఎండలు ముదిరేనాటికి మూడింటి జుట్టు ఎర్రబడింది. ఒకటి గోడెక్కి కూయబోతే గొంతు మధ్యలో చీలింది, అయినా ఆపలేదు. శ్రావణంలో ఒక పెట్ట రెండు రోజులు మూలమూలా వెతికి, ఆఖరికి తల్లి పొదిగిన తట్టలోనే కూర్చుంది. ఇదిగో, పట్టుకోండి. చిన్న గుడ్డు, ఇంకా వెచ్చగానే ఉంది.

చీకటి పడింది. ఇప్పుడవి గంపలో పట్టవు, దూలం ఎక్కాయి. అమ్మమ్మ కింద నిలబడి వేలు చూపిస్తూ లెక్కపెడుతోంది. ఐదు పెట్టలు, మూడు పుంజులు, తల్లి. తొమ్మిది.